మూడు కొట్టాల్సిన చోట ఐదు

మీ ఇంట్లో, మీ చుట్టాల్లో, అందరికంటే వింత మనిషి ఎవరని అడిగితే ఎవరి పేరు చెప్తారు? ఆలోచించి చెప్పండి. ఎందుకంటే ఇదే ప్రశ్నకు జమున ఆలోచించకుండా చెప్పింది. మూడు వందల మంది ముందు, మైకు పట్టుకుని, చప్పట్ల కోసం చెప్పింది.

గోదావరిఖనిలో డిగ్రీ కాలేజీ. మార్చి నెలాఖరు. అప్పుడే ఎండ ముదిరి, హాల్లో ఫ్యాన్లు వేడిగాలినే తిప్పి తిప్పి మొహాన కొడుతున్నాయి. వక్తృత్వ పోటీ. 'మా కుటుంబంలో మరచిపోలేని మనిషి' అన్నది అంశం. కొందరు తాతల గురించి చెప్పారు, కొందరు మేనమామల గురించి చెప్పారు. విన్నవాళ్ళు ఆవలించారు. అప్పుడు జమున లేచింది. జమున లేస్తే ఆవలింతలు ఆగుతాయి. వాదనలో ఆమెను కూర్చోబెట్టిన మొనగాడు ఆ కాలేజీలో లేడు.

"మా అవ్వ పేరు సారవ్వ" అని మొదలుపెట్టింది. "అమ్మ పోయినంక నన్ను సాకింది ఆమెనే. అందరి అవ్వలు దేవునితోని మాట్లాడుతరు. మా అవ్వ భూమితోని మాట్లాడుతది. రోజూ. మధ్యాహ్నం మూడింటికి. ముప్పై ఒక్క ఏండ్ల సంది."

హాలు గొల్లున నవ్వింది.

జమున చెప్పింది అబద్ధం కాదు. సారవ్వ పెళ్ళిళ్ళకు పోదు, చావులకు పోదు. గోదావరి దాటి మంచిర్యాలలో కంటి ఆపరేషన్ చేయిస్తామంటే, "మూడింటికల్ల ఇంటికి తోలుకస్తరా?" అని అడిగింది. డాక్టరు నవ్వాడు. లేచి వచ్చేసింది. మూడింటికి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ అవుతుంది. క్వార్టరు గోడలు వణుకుతాయి, గూట్లో గిన్నెలు గలగలమంటాయి, ఇంత దుమ్ము రాలుతుంది. ఆ తర్వాత వాడకట్టంతా ఊపిరి బిగపట్టినట్టు ఒక్క నిమిషం సద్దుమణుగుతుంది. ఆ నిమిషంలో సారవ్వ వంటింట్లో నేలకు చెవి ఆనించి ఏదో వింటుంది. కారం నూరే రోటి పొత్రం అందుకుని నేల మీద మూడుసార్లు కొడుతుంది. టక్. టక్. టక్. అంతే. లేచి చాయ్ పెడుతుంది.

"ఎవరే అవ్వా కింద అంటే, మీ తాత అంటది" అని జమున గొంతు తగ్గించింది. "మా తాత బిక్షం బొగ్గుబాయిల పని చేసేటోడు. ఒకనాడు పైకప్పు కూలి, తాతతోని ఇంకొందరు లోపట్నే చిక్కిండ్రు. లోపటినుంచి రెండు రోజులు రాయితోని బొగ్గు బండ్ల ఇనుప పట్టా మీద కొట్టిన చప్పుడు వినబడ్డదట. లోపల గాలి చెడిపోయింది. తీసుకరానీకి పోయినోళ్ళు వెనక్కి వచ్చిండ్రు. ఆఖరికి అడ్డంగా గోడ కట్టిండ్రు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం జమునకు బెల్లం లెక్క తగిలింది. దాన్ని ఇంకొంచెం సాగదీయాలనిపించింది. న్యాయనిర్ణేతల బల్ల మీది పేపర్‌వెయిట్ తీసుకుని, చెక్క వేదిక మీద మోకాళ్ళ మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే దూరాన బ్లాస్టింగ్ అయింది. కిటికీలు దడదడమన్నాయి. ఇంతకంటే మంచి సమయం దొరుకుతుందా?

టక్. టక్. టక్.

మూడు చప్పగా అనిపించింది. ఇంకో రెండు కలిపింది.

టక్. టక్.

హాలంతా చెవులు రిక్కించింది. అప్పుడు... వేదిక కింద నుంచి... చాలా లోతు నుంచి...

టక్. టక్. టక్.

ఒక్క క్షణం. తర్వాత చప్పట్లు కప్పు ఎగిరిపోయేలా మోగాయి. మొదటి బహుమతి, స్టీలు టిఫిన్ డబ్బా, ఆమెకే.

"అరె, కింద ఎవర్ని కూసోబెట్టినవ్? నాకు గూడ చెప్పలే కదనే దొంగా!" అని స్నేహితురాలు జోయా వీపు మీద చరిచింది.

జమున కూడా నవ్వింది. అందరూ పోయాక వేదిక పక్క చిన్న తలుపు తీసి వంగి చూసింది. విరిగిన బెంచీలు. ఏండ్ల నాటి దుమ్ము. దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు. వాసన మాత్రం ఉంది. తడిసి మురిగిన కట్టె వాసన, దానిలో కలిసిన కాలిన పేలుడు మందు వాసన. వానలు పడక నాలుగు నెలలైంది.

ఇంటికొచ్చేసరికి సారవ్వ ఇంకా వంటింటి నేల మీదే ఉంది. చెవి నేలకు ఆనించే ఉంది. పొయ్యి మీద చాయ్ లేదు.

"ఇయ్యాల్ల కొట్టలే" అంది.

"ఏందవ్వా?"

"మీ తాత. ఒక్కనాడు తప్పలే పిల్లా. ఇయ్యాల్ల కొట్టలే."

జమున టిఫిన్ డబ్బా చూపించింది. "ఫికర్ చెయ్యకు. నీ కథ చెప్పి ఫస్ట్ ప్రైజ్ తెచ్చిన."

ముసలామె మెల్లగా తలెత్తింది. చేతుల వెండి కడియాలు నేలకు తగిలి చప్పుడయ్యాయి. "చెప్పినవా, కొట్టినవా?"

"కొట్టి చూపించిన. ఐతేంది?"

"ఎన్ని?"

"ఐదు."

సారవ్వ చేతిలోని పొత్రం జారి దొర్లింది. దాన్ని ఎత్తుకోలేదు.

"మూడు కొట్టాలె కదనే. మూడే కొట్టాలె. బాయిల చప్పుళ్ళ లెక్క అది. లోపటోడు మూడు కొడితె, బతికే ఉన్నానని. బయటోడు మూడు కొడితె, కదలకు, మేమే వస్తున్నమని."

"మరి ఐదు?"

"బాట సాఫైంది, ఇటు రా అని." సారవ్వ గూట్లోని కంచం వైపు చూసింది. "మీ తాతనే నేర్పిండు నాకు, కంచం మీద కొట్టి. ఐదు కొట్టి అన్నానికి పిలుస్తుంటి. ఆయిన పోయినంక మళ్ళ ఐదు కొట్టలే నేను. ముప్పై ఒక్క ఏండ్లు ఉండు ఉండు అని ఆపిన. నువ్వు రమ్మన్నవ్."

జమునకు నవ్వాలనే ఉంది. "అవ్వా, ఈ ఊరి కింద అంతా పాత బాయిలే. గుల్ల. బ్లాస్టింగైతే చప్పుడు రాదా? సరే తియ్యి, నా తప్పే. వెనక్కి పొమ్మని ఎన్ని కొట్టాలె చెప్పు, కొడత."

సారవ్వ తల అడ్డంగా ఊపింది.

"ఆ లెక్క లేదు బిడ్డా. బాయిల నుంచి ఇంటికొచ్చేటోన్ని వద్దని ఎవరంటరు?"

  జమున మెల్లగా అంది, "వస్తే మంచిదే కదా. నీ మొగుడే కదా."

"పోయినప్పుడు నా మొగుడే. ఇన్నేండ్లు చీకట్ల ఉన్నంక... వచ్చేటిది ఏమై వస్తదో."

మరునాడు మూడింటికి జమున కాలేజీ లైబ్రరీలో ఉంది. ఎదురుగా జోయా. బ్లాస్టింగ్ అయింది. కుర్చీ కింద, సరిగ్గా పాదాల కింద, మూడు దెబ్బలు. నిన్నటంత లోతు నుంచి కాదు. కింద ఇంకో అంతస్తు ఉండి, అక్కడ ఎవరో పైకప్పును తడుతున్నట్టు. ఆ లైబ్రరీకి కింద ఏమీ లేదు.

"జోయా, ఇది నువ్వా?"

జోయా కూడా కిందికే చూస్తోంది. "ఖుదా కసమ్. నా రెండు చేతులు పుస్తకం మీదనే ఉన్నయ్."

మూడో రోజు షేర్ ఆటోలో రామగుండం వైపు పారిపోయింది. నడుస్తున్న బండి కింద కొట్టింది. డ్రైవరు ఆపి, దిగి, టైర్లు తన్ని చూసి, "ఏం లేదక్కా" అని ఎక్కాడు. ఏం లేదు. ఆమెకు మాత్రం అర్థమైంది. చప్పుడు చోటును వెతకడం లేదు. కొట్టిన చేతిని వెతుకుతోంది.

నాలుగో రోజు ఇక పోవడం మానేసి ఇంట్లోనే కూర్చుంది. తండ్రి సదయ్య డంపర్ ఆపరేటరు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, కూలర్ ముందు చాప మీద ఒరిగాడు.

"బాపూ, ఒక్కసారి ఇక్కడ చెయ్యి పెట్టు."

"పెద్ద చదువులు చదువుతవ్, అవ్వతో కూడి గీ పిస చేష్టలేంది?" అని విసుక్కుంటూనే నేల మీద అరచెయ్యి ఆనించాడు. మూడింటికి బ్లాస్టింగ్ అయింది. ఒక నిమిషం. చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు. చెప్పులేసుకున్నాడు.

"ఎటు పోతున్నవ్ బాపూ?"

"డ్యూటీ ఉంది."

డ్యూటీ అయిపోయి గంట కూడా కాలేదు.

ఆరో రోజుకు దెబ్బలు ఆగిపోయాయి. బదులుగా గీరుడు మొదలైంది. ఏదో మెల్లగా, ఓపికగా, మట్టిని పక్కకు తీసుకుంటూ ఎక్కుతున్న చప్పుడు. నేల వెచ్చగా ఉంది. ఇల్లంతా మురిగిన కట్టె వాసన.

ఏడో రోజు మధ్యాహ్నం. బయట ఎండ తెల్లగా మండుతోంది. వాడకట్టులో తలుపులన్నీ మూసి ఉన్నాయి, కూలర్లు హోరెత్తుతున్నాయి. ముందరి గదిలో అవ్వ, మనవరాలు పక్కపక్కన కూర్చున్నారు. సారవ్వ ఆ పొద్దున తలంటి పోసుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. పొత్రం ఒళ్ళో పెట్టుకుంది.

మూడైంది. గోడలు వణికాయి. గిన్నెలు గలగలమన్నాయి. వాడకట్టు ఊపిరి బిగపట్టింది. అదే నిమిషానికి కరెంటు పోయి, కూలర్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

గీరుడు... గీరుడు... ఆగింది.

జమున కాళ్ళ కింది బండ కొంచెం లేచింది. గోరు మందమంత. మళ్ళీ దిగింది.

సారవ్వ గబుక్కున మూడు కొట్టింది. ఉండు, వస్తున్నం.

బండ మళ్ళీ లేచింది. ఈసారి వేలు మందం. సందులో నుంచి చల్లని గాలి వచ్చింది. ఏండ్ల తరబడి మూసిన చోటి గాలి.

మళ్ళీ మూడు. కిందిది వినడం లేదు.

"అవ్వా..." అంది జమున. లేవాలి. కాళ్ళు లేవడం లేదు. ఎవరూ పట్టుకోలేదు. ఉత్తగానే లేవడం లేదు.

సారవ్వ ఆమె చెవిలో గుసగుసగా అంది. "నువ్వు కొట్టకు. ఏం వినబడ్డా మళ్ళ కొట్టకు. నాకు మాటియ్యి."

"కొట్టనవ్వా, మాట. ఎటు పోతున్నవ్?"

"అన్నానికి పిలుస్త."

"అవ్వా, వద్దు... వద్దే..."

ముసలామె గోడ పట్టుకుని లేచింది. వంటింట్లోకి పోయి లోపల గొళ్ళెం పెట్టుకుంది. గొళ్ళెం పడిన చప్పుడు. కింద కూర్చున్న చప్పుడు. తర్వాత, కంచం మీద.

టంగ్. టంగ్. టంగ్. టంగ్. టంగ్.

బండ కింద ఉన్నది కదిలింది. జమున పాదాల కింద నుంచి, మంచం కింద నుంచి, గడప కింద నుంచి... వంటింటి వైపు. బరబరా. ఏడు రోజులు పట్టిన దారి అది. ఆ నాలుగు గజాలు మాత్రం పరుగెత్తింది.

లోపల సారవ్వ ఒకే ఒక్క మాట అంది. భయంగా అనలేదు. ఆశ్చర్యంగా అంది.

"ఇంతమందా?"

అంతే.

కరెంటు వచ్చింది. కూలర్లు మళ్ళీ హోరెత్తాయి. జమున కాళ్ళు కదిలాయి.

సదయ్య వచ్చి, ఇరుగుపొరుగు వచ్చి, తలుపు పగలగొట్టారు. కిటికీకి ఇనుప చువ్వలు అలాగే ఉన్నాయి. నేల మీద బండలు అన్నీ ఎక్కడివక్కడ, ఒక్క పగులు లేదు. కంచం ఉంది. పొత్రం ఉంది. సారవ్వ లేదు. పోలీసులు ఫొటో తీసుకున్నారు, ముసలితనంలో మతి తప్పి ఎటో పోయి ఉంటుందన్నారు. గొళ్ళెం లోపల పెట్టి ఉందని జమున అంటే, "గాబరాల నీకు గట్ల అనిపించింది అమ్మా" అన్నారు. ఎవరినైనా మాటతో గెలిచే జమున వాళ్ళను గెలవలేకపోయింది.

అవ్వ పోయిన మూడో రోజు, మూడింటికి, మళ్ళీ వినబడింది. చాలా లోతు నుంచి. రాయి చప్పుడు కాదు. వెండి కడియం చప్పుడు. పుట్టినప్పటి నుంచి జోలపాట లెక్క విన్న చప్పుడు.

టింగ్. టింగ్. టింగ్.

బతికే ఉన్న.

జమున పొత్రం ఎత్తింది. ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆగింది. కొట్టనని మాటిచ్చింది. కొడితే అది ఏ చేతికోసం వస్తుందో ఆమెకు తెలుసు. కొట్టకపోతే... అవ్వ అక్కడ చీకట్లో, పైన ఎవరూ లేరనుకుంటుంది. తాత ముప్పై ఒక్క ఏండ్లు ఒక్కరోజు కూడా అనుకోని మాట అది.

రోజూ అదే. రోజూ పొత్రం ఎత్తుతుంది. రోజూ దించుతుంది. సదయ్య ఇల్లు మారుస్తానన్నాడు. ఎక్కడికి మారుస్తాడు? నేల లేని ఇల్లు ఉందా?

మొన్నటి నుంచి కడియం మూడు కొట్టడం లేదు.

ఐదు కొడుతోంది.

బాట సాఫైంది. ఇటు రా.

వింటున్నారు కదా? జమునను పిలుస్తున్న అవ్వను ఆపాలంటే ఎవరో ఒకరు రోజూ ఉండు అని చెప్పాలి. జమున కొట్టదు, మాటిచ్చింది. మాట ఇయ్యనివాళ్ళు మీరే ఉన్నారు. రేపు మూడింటికి మీరు ఎక్కడున్నా సరే, కిందికి వంగి, మీ కాళ్ళ కింది నేల మీద మూడుసార్లు కొట్టండి. గట్టిగా అక్కర్లేదు, వినబడుతుంది. ఎల్లుండి కూడా కొట్టండి. ఆ తర్వాత కూడా.

మూడే. లెక్క తప్పకండి.