ఎడమవైపు సౌండ్ తక్కువ

“ఎడమవైపు సౌండ్ తక్కువండీ,” అన్నాడతను.

“ఇందులో కూడానా?”

“ఇందులో కూడా.”

కౌంటర్ వెనక అమ్మాయి చేతిలోని సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టింది. అరగంటలో అతను చెవుల్లో పెట్టుకుని తీసేసిన మూడో జత ఇయర్‌ఫోన్స్ అవి. బయట వాన దంచికొడుతోంది. వాన లేకపోతే ఈపాటికి అతన్ని మర్యాదగా మెట్లు దింపేసేదే.

ఆమె ఆ జతని దూదితో తుడిచి తను పెట్టుకుంది. కళ్ళు మూసుకుని అరనిమిషం విన్నది.

“రెండు వైపులా సమానంగానే ఉంది.”

“మీకలా అనిపిస్తుంది. మామూలు చెవులకి తేడా తెలీదు. నేను చెవులతో తినేవాణ్ణి.”

“మేం చేతులతో తింటాం లెండి.”

అతను మొహం గంటు పెట్టుకుని తన ఉద్యోగం ఏమిటో చెప్పాడు. పుస్తకాలు చదివి రికార్డు చేసే స్టూడియోలో తప్పులు పట్టే పని. చదివేవాళ్ళు ఎక్కడ గుటకవేశారు, ఎక్కడ పేజీ తిప్పారు, ఏ అక్షరం మింగేశారు, అన్నీ ఇట్టే పట్టేస్తాడు. అలాంటి చెవులని ఒక మెకానిక్ అమ్మాయి అనుమానించడమా?

“సరే, ఏది ప్యాక్ చెయ్యమంటారు?”

“ఏదీ వద్దు. వచ్చే నెల కొత్త మోడల్ వస్తోందట. ఈ లోపం అందులో సరిచేసే ఉంటారు. ఆగుతాను.”

“వచ్చే నెల వచ్చాక, దాని వెనక ఇంకో వచ్చే నెల ఉంటుందండీ.”

“మంచిది కావాలంటే ఆగాలి కదా!”

ఆమె అతని పాత ఇయర్‌ఫోన్స్‌ని రిపేరుకి తీసుకుని చిన్న అట్టముక్క కట్టింది. దాని మీద పేరు రాయాల్సిన చోట ‘వచ్చేనెల గారు’ అని రాసి, అతను చూస్తుండగానే డ్రాయరులో పడేసింది.

మరుసటి బుధవారం అతను మళ్ళీ వచ్చాడు. బుధవారం స్టూడియోకి సెలవు. ఆ తరవాతి బుధవారమూ వచ్చాడు.

“అమ్మాయ్, వచ్చేనెల గారొచ్చారు!” అని ముందు కుర్చీలోంచి కేకవేసేవాడు ఆమె బాబాయి. షాపు ఆయనదే. మాటలు ఆయనవి, పని ఆమెది. చిన్నప్పట్నించీ బాబాయి, పిన్నీ పెంచారామెని. షాపు పైనే ఇల్లు.

“మీ పాతవి మూడుసార్లు విప్పాను. ఏ రోగమూ లేదు,” అనేది ఆమె.

“అయితే ఇంకోసారి విప్పండి.”

“విప్పడానికి అవేమన్నా పొట్లాలా?”

ఇంట్లో అతని అక్కకి ఇదంతా వింతగా తోచలేదు. చెప్పులు కొనడానికి ఎనిమిది నెలలు ఆలోచించి, చివరికి బావ చెప్పులు వేసుకుని తిరిగిన మనిషి వాడు. అయితే ఇయర్‌ఫోన్స్ చూడటానికి వెళ్ళేవాడు చొక్కా ఇస్త్రీ ఎందుకు చేసుకుంటున్నాడన్నది మాత్రం ఆవిడకి కొత్త.

అయిదో బుధవారం ఆమె ఒక కొత్త పెట్టె అతని ముందుకి తోసింది. “మీ వచ్చే నెల వచ్చేసింది. వినండి.”

విన్నాడు. పాట మొదలవగానే అతని కనుబొమలు ముడిపడ్డాయి.

“చెప్పకండి,” అంది ఆమె. “ఎడమవైపు.”

“కొంచెం తక్కువే. ఇంకో కంపెనీది రాబోతోందని...”

ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు. పెట్టె మూత నెమ్మదిగా మూసింది.

“ఒకమాట చెప్పనా? తేల్చుకోలేని మనుషులంటే నాకు చిరాకు కాదు, భయం. వాళ్ళు ఆలోచిస్తూనే ఉంటారు. పక్కనున్నవాళ్ళు నిలబడే ఉండాలి.”

వారం రోజులపాటు ఆ మాట అతన్ని నిద్రపోనివ్వలేదు. చివరికి జీవితంలో మొదటిసారి ఒక నిర్ణయానికొచ్చాడు. బుధవారం వెళ్ళి కొనేస్తాడు. కొనేసి, ఆ పెట్టె చేత్తో పట్టుకునే అసలు మాట చెప్పేస్తాడు.

బుధవారం షాపు మెట్లెక్కుతూనే ప్రకటించాడు. “ఇవాళ కొంటున్నాను.”

బాబాయి కళ్ళజోడు సర్దుకున్నాడు. “అమ్మాయ్, తలుపులేసెయ్. మనసు మార్చుకునేలోపు బిల్లు కొట్టేద్దాం! ఉన్నది ఒక్కటే పీసు బాబూ. తగ్గింపు కూడా ఆదివారం దాకానే.”

ఆమె మాత్రం ఏదో ఆలోచిస్తోంది. “బయట చప్పుళ్ళలో మైకు ఎలా ఉందో చూసుకోండి,” అంది. “పదండి, వీధి చివరిదాకా నడిచొద్దాం. బిల్లు కాకుండా సరుకుని ఒంటరిగా బయటికి పంపం.”

చినుకులు పడుతున్నాయి. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. అతను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో రికార్డింగు నొక్కాడు. ఆమె అతనికి ఎడమపక్కన నడుస్తోంది. గొడుగు మీద వాన, రోడ్డు మీద హారన్లు, చెవుల్లో బిరడాలు. వీటికి తోడు ఆమె భుజం రెండడుగులకోసారి తగులుతోంది. అతని బుద్ధంతా ఆ భుజం దగ్గరే ఉంది.

కాస్త దూరం వెళ్ళాక ఆమె తలవంచుకుని ఏదో అంది. అతనికి ముక్కలు ముక్కలుగా చేరింది.

“...ఆదివారం... మంచిదే అట... మీరేమంటారు... ఆగమంటారా?”

ఆదివారం! తగ్గింపు గడువు. ఇంకా ఆగుతానంటాడేమోనని పరీక్షిస్తోందన్నమాట. ఈసారి దొరక్కూడదనుకున్నాడు.

“ఇంకా ఆగడమేమిటండీ!” అన్నాడు హుషారుగా. “ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది? ఎన్నాళ్ళని ఆ అద్దాల వెనక కూర్చుంటుంది, పాపం? ఎవరో ఒకరు పట్టుకుపోవాలి కదా!”

ఆమె ఆగిపోయింది. అతని ఎదురుగా వచ్చి మొహంలోకి చూసింది. “నిజంగానే అంటున్నారా?”

ఇది స్పష్టంగా వినపడింది. “నిజంగానే. మొదట్లో కాస్త అటూ ఇటూ అనిపించినా, వాడగా వాడగా అలవాటైపోతుంది.”

ఆమె అరచెయ్యి చాపింది. అతను అర్థంకాక ఇయర్‌ఫోన్స్ తీసి ఆ చేతిలో పెట్టాడు. గొడుగు అతని చేతిలో పెట్టింది. “ఈ పీసు అమ్మం,” అనేసి, వానలో తడుస్తూ వెనక్కి వెళ్ళిపోయింది.

గొడుగు కింద ఒక్కడే మిగిలాడు, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయి.

శనివారం సెలవుపెట్టి గొడుగు పట్టుకుని వెళ్ళాడు. బాబాయి అతన్ని చూసి గొంతు తగ్గించాడు.

“ఏమన్నావయ్యా మా పిల్లని? రేపు పదకొండింటికి సంబంధంవాళ్ళు మాట్లాడటానికొస్తున్నారు. ఆ ఊసెత్తితేనే కస్సుమనేది. మొన్న బుధవారం తడిసిపోయి వచ్చి, రమ్మను బాబాయ్ అంది.”

లోపల్నుంచి ఆమె వచ్చింది.

“గొడుగు అక్కడ పెట్టి వెళ్ళండి.”

“ఆ జత కొనుక్కుంటాను,” అన్నాడు. “ఎడమవైపు సౌండ్ తక్కువైనా పర్లేదు.”

అంతే, ఆమె ఓపిక నశించింది. పెట్టె విప్పి అతని ముందు పెట్టింది. “ఎడమది తీసి కుడి చెవికి పెట్టుకోండి.”

పెట్టుకున్నాడు. ఖంగుమని వినపడింది.

“కుడిది ఎడమ చెవికి.”

పెట్టుకున్నాడు. దిండు కింద ఎవరో పాడుతున్నట్టుంది.

“ఇప్పుడు చెప్పండి. లోపం ఎవరిది? మార్చి చూడటం రిపేరులో మొదటి పాఠం. చెవులతో తినేవారు కదాని ఆరు వారాలు మీ మాట నమ్మి నేనా పని చెయ్యలేదు. ఇయర్‌ఫోన్స్ బాగానే ఉన్నాయి. చెడింది మీ ఎడమ చెవి. మీకు ఎడమవైపు సరిగా...”

అని ఆగిపోయింది. ఆమె మొహంలో కోపం ఉన్నట్టుండి ఎటో పోయింది. అతని ఎడమ చెవి వైపు, మూలన పెట్టిన గొడుగు వైపు మార్చి మార్చి చూసింది. తరవాత డ్రాయరు లాగి అతని పాత జత తీసిచ్చింది.

“డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రేపూ ఎల్లుండీ కాదు. ఇవాళే.”

అతని భయం అంతా ఇంతా కాదు. చెవి పోతే ఉద్యోగం పోతుంది. ఆమె ఎలాగూ పోయింది. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని తనమీద తనే జాలిపడుతుండగా, చెవి డాక్టరు లైటు వేసి చూసి ముసిముసిగా నవ్వింది.

“దూదిపుల్లలు పెట్టి తిప్పుతుంటావా?”

“రోజూ అండీ. శుభ్రం కోసం.”

“బాగా శుభ్రం చేశావు. గుబిలి మొత్తం లోపలికి దట్టించావు!”

గోరువెచ్చటి నీళ్ళు, ఒక పిచికారీ, పది నిమిషాలు. గోధుమరంగు ఉండ ఒకటి పళ్ళెంలో పడింది. మరుక్షణం డాక్టరు కలం మూత తీసిన చప్పుడుకి అతను ఉలిక్కిపడ్డాడు. ఎడమపక్కన ఇంత ప్రపంచం ఉందని మర్చిపోయాడు.

ఆదివారం పొద్దున్న పదింటికి అక్క బట్టలు మడతపెడుతుంటే, అతను ఒక మూల కూర్చుని పాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడు. రెండు వైపులా అద్భుతంగా ఉన్నాయి. ఆరు వారాలు మంచివాటి కోసం ఎదురుచూసింది, చేతిలో మంచివి పెట్టుకునే! గంటలో ఆమె వేరెవరికో మాటిచ్చేస్తుంది. కనీసం గొంతైనా విందామని బుధవారంనాటి రికార్డింగు తెరిచాడు.

వాన. హారన్లు. తరవాత ఆమె గొంతు, ఒక్క అక్షరం పోకుండా.

“ఆదివారం ఒక సంబంధంవాళ్ళు వస్తామంటున్నారు. సంబంధం మంచిదే అట. బాబాయి ఒప్పుకోమంటున్నాడు. నాకేమో మిమ్మల్ని అడగాలనిపించింది. మీరేమంటారు? ఒప్పేసుకోనా, ఆగమంటారా?”

ఆ వెంటనే తన గొంతు, హుషారుగా. “ఇంకా ఆగడమేమిటండీ! ఇంతకంటే మంచిది ఎక్కడ దొరుకుతుంది?”

అతని మొహం చూసి అక్క వచ్చి ఒక ఇయర్‌ఫోన్ లాక్కుని తన చెవిలో పెట్టుకుంది. మొత్తం విన్నది.

“నువ్వు దేని గురించి మాట్లాడావురా?”

“ఇయర్‌ఫోన్స్.”

“ఆ పిల్ల?”

“పెళ్ళి గురించి.”

“ఒరేయ్! పెళ్ళి మాట అడిగిన పిల్లతో ‘వాడగా వాడగా అలవాటైపోతుంది’ అన్నావట్రా! గొడుగుతో కొట్టకుండా చేతికిచ్చి వెళ్ళింది చూడు, దేవతరా ఆ పిల్ల!” అక్క గడియారం చూసింది. పదీ ఇరవై. “ఇంకా కూర్చున్నావేం? చొక్కా మార్చుకో. వద్దు, మార్చుకోకు. పరిగెత్తు!”

పరిగెత్తాడు. ఆటో కోసం ఆగుదామా, బస్సు వస్తుందేమో చూద్దామా అన్న ఆలోచన కూడా రాలేదు.

షాపు షట్టరు మూసి ఉంది. పక్కన ఇంటి మెట్ల దగ్గర ఇస్త్రీ చొక్కాలో బాబాయి నిలబడి ఉన్నాడు.

“ఇవాళ షాపు సెలవు బాబూ.”

“కొనడానికి రాలేదండీ.”

పైమెట్టు మీద ఆమె కనపడింది. అతను ఆయాసం తీరకుండానే మొదలుపెట్టాడు. “మొన్న వానలో మీరడిగింది నాకు వినపడలేదు. నేను చెప్పింది ఇయర్‌ఫోన్స్ గురించి.”

“నిన్ననే అర్థమైంది. ఎడమపక్కన నడిచింది నేనే కదా!” ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “పొద్దున్నుంచీ వీధిలోకి చూస్తూనే ఉన్నాను. ఇప్పుడా రావడం?”

“చెవి నిన్న బాగైంది. మాట ఇందాకే విన్నాను. ఫోన్లో ఉండిపోయింది.”

“విన్నారు కదా, అయితే సమాధానం చెప్పండి. ఒప్పుకోనా, ఆగనా?”

“ఒప్పుకోవద్దు. ఆగొద్దు కూడా. నన్ను చేసుకోండి.”

బాబాయి ఇద్దరి మధ్యకీ వచ్చాడు. ఆయన మొహంలో పరాచికం లేదు. “ఒక్క నిమిషం. ఇంత చిన్న పెట్టె కొనడానికి ఆరు వారాలు తిరిగినవాడివి. మా పిల్ల విషయం ఎప్పుడు తేల్చుకున్నావు? వచ్చే దారిలోనా?”

“రెండో బుధవారమండీ.”

“మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?”

“కొనేస్తే మళ్ళీ రావడానికి పనేముంటుందని... కొనలేదు.”

పైనుంచి పిన్ని నవ్వు కిందికి దొర్లింది. బాబాయి నవ్వలేదు. కానీ మీసం కదిలింది. అంతలో ఆయన ఫోను మోగింది.

“ఆ, చెప్పండి... వీధి మలుపులోకి వచ్చేశారా?” ఆయన ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టి పైకి చూశాడు. “అమ్మా, వాళ్ళు లైనులో ఉన్నారు. బాబాయి పోరుపెట్టాడని అనుకోకు, నీ ఇష్టమే నా ఇష్టం. ఏం చెప్పమంటావు?”

మలుపు వైపు నుంచి కారు హారను వినపడింది. దానికి ముందు అక్క పరిగెత్తుకొస్తోంది, రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులతో.

ఆమె రెండు మెట్లు దిగింది. బాబాయి వైపు చూడలేదు. ఆరు వారాలుగా ‘మీరు’, ‘అండీ’ తప్ప ఇంకోలా పిలవని మనిషి వైపు చూసింది.

“లోపలికి రా,” అంది.

బాబాయి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

“మన్నించాలండీ,” అన్నాడు. “మా అమ్మాయి ఇప్పుడే మాటిచ్చేసింది.”