తేజశ్రీ పేరు మీద పందెం

"తేజశ్రీ గారేనా? మీరు బాగానే ఉన్నారా?"

ఫోనులో ఎవరో ఆడమనిషి మెత్తటి ఇంగ్లిషులో అడిగిన ఆ ఒక్క ప్రశ్నకే తేజశ్రీకి ఏడుపొచ్చింది. శనివారం మధ్యాహ్నం, నార్త్ యార్క్‌లోని ఆ పన్నెండో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో కాలేజీ అసైన్‌మెంట్ ముందేసుకుని ఒంటరిగా కూర్చుని ఉంది. ఆ మాట తనను ఎవరైనా అడిగి ఎన్నాళ్ళయింది! భర్త కోదండరామ్ అడగడం మానేసి మూడు నెలలు. ఒకే ఇంట్లో ఉంటాడు, ఒకే భోజనాల బల్ల ముందు కూర్చుంటాడు... కానీ కళ్ళు ఫోనులోనే. పిలిస్తే ఉలిక్కిపడి దాన్ని బోర్లా పెట్టేస్తాడు. ఇంకో ఆడదెవరైనా ఉందేమోనని మూడు వారాలుగా ఆమె లోలోపలే కుమిలిపోతోంది.

"నా పేరు ఎమిలీ. మీరు ఆడుతున్న బెట్టింగ్ యాప్ కంపెనీ నుంచి మాట్లాడుతున్నాను. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. ఈ నెలంతా మీరు రోజుకు ఐదారు గంటలు యాప్‌లోనే ఉంటున్నారు. ఈ ఉదయం చాలా పెద్ద మొత్తం వేయబోయారు. దాన్ని ఆపేసి, ముందు మీతో మాట్లాడదామని ఫోన్ చేశాను."

తేజశ్రీ పుట్టి బుద్ధెరిగాక ఒక్క పందెం కాయలేదు! ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కసారిగా అంతా అర్థమైంది. సెప్టెంబరులో ఒకరోజు కోదండరామ్ వంటింట్లోకి వచ్చి, "తేజూ, ఇటు చూడు... కొంచెం తల తిప్పు... ఆ, నవ్వకు" అని ఫోను తన ముఖం ముందు పట్టాడు. ఏదో ఫొటో సరదా అనుకుని నవ్వింది కూడా. అది తన పేరున ఖాతా తెరవడానికి! ఇక ఈ ఉదయం వేయబోయిన మొత్తం... సోమవారం కట్టాల్సిన తన సెమిస్టర్ ఫీజు తప్ప వాళ్ళిద్దరి దగ్గర అంత డబ్బు ఇంకెక్కడుంది?

కిందటేడు ఆమె చదువుకోసం ఇచ్చిన స్టడీ పర్మిట్ మీద ఇద్దరూ కెనడా వచ్చారు. గుంటూరులో బ్యాంకు ఉద్యోగం చేసుకునే మనిషి ఇక్కడ వేర్‌హౌస్‌లో పార్సిళ్ళు మోస్తున్నాడు. క్రికెట్ అంటే ప్రాణం. భోజనాల వేళ తోటివాళ్ళంతా చుట్టూ చేరి, "కోదండ్ భాయ్, ఈరోజు ఎవరు గెలుస్తారు?" అని అడిగేవాళ్ళు. అది చెప్పేటప్పుడు అతని ముఖంలో పాత కళ వచ్చేది. తన సొంత పేరున ఖాతా తెరిచిన మొదటి నెలలో ఆమెకు చూపించాడు కూడా. "చూడు తేజూ, నెలకు ఇంతేనని నేనే లిమిట్ పెట్టుకున్నాను. అది దాటనివ్వదు. సరదాకే!" నిజమే. అతని ఖాతాలో ఆ గీత ఎన్నడూ దాటలేదు. భార్య పేరు వెనక నిలబడి దాటాడు!

"నేను కాదు" అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అలా అంటే ఆయన ఏమవుతారు? పోలీసులొస్తారా? పర్మిట్ పోతుందా? ఇదే దేశంలో, సర్రీలో ఉన్న ఆడపడుచు పద్మినికి ఆరు వారాలుగా "ఆయన ఓవర్‌టైమ్‌లో ఉన్నారు వదినా" అని చెప్పి చెప్పి అలవాటైన నోరు, ఇప్పుడూ అంత తేలిగ్గానే అంది... "అవును, నేనే."

"నిజం చెప్పినందుకు థాంక్స్" అంది ఎమిలీ. "కొన్ని ప్రశ్నలు అడగనా? పోయినదాన్ని రాబట్టుకోవాలని ఇంకా ఎక్కువ వేస్తుంటారా?"

తెల్లవారకముందే బాత్రూమ్ తలుపు వేసుకుని కూర్చునే భర్త కళ్ళముందు మెదిలాడు. "అవును."

"ఆడకుండా ఉండాల్సి వస్తే?"

ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయిన ఒక ఆదివారం గుర్తొచ్చింది. చెంచా కింద పడినందుకు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఇంట్లోవాళ్ళ మీద విరుచుకుపడతాను. తర్వాత సిగ్గేస్తుంది... కానీ చెప్పుకోను."

"మరి గెలిచినప్పుడు?"

తేజశ్రీ కళ్ళు మూసుకుంది. నవంబరులో ఒకరోజు తనకు చలికోటు కొని తెచ్చాడు. అది తొడుగుతూనే అతను ఫోనుకేసి చూశాడు. అప్పుడు అర్థంకాని ఆ చూపు ఇప్పుడు అర్థమైంది. "గెలిచినా సంతోషం ఉండదండీ! ఇంకోటి వేసేదాకా ఊపిరాడదు. అందరూ నన్ను అడిగేవాళ్ళు, ఎవరు గెలుస్తారని... అప్పుడు నేనూ ఒక మనిషినే అనిపించేది. నాకేమీ తెలియదని ఇప్పుడు వాళ్ళకు తెలిసిపోతే నేనిక ఎవరిని?"

ఆమె తన మాటల్ని తానే విని నివ్వెరపోయింది. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని చూసినా కనిపించని మనిషి, అతని బదులు తాను జవాబు చెబుతుంటే కనిపిస్తున్నాడు. ఆడదెవరూ లేదు. ఉన్నదల్లా ఒక భయం!

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"లేదు. నా భార్యకు తెలియదు."

అన్నాక గానీ ఏమన్నదో తెలియలేదు. అవతల ఎమిలీ మాత్రం తడుముకోలేదు; ఆడదానికి భార్య ఉండటం ఈ దేశంలో వింతేమీ కాదు. "అర్థమైంది. ఈరోజే మీ భార్యకు చెప్పగలరా? ఆవిడ కోప్పడవచ్చు. అయినా ఒంటరిగా మోయడం కంటే అదే నయం."

అంత ఏడుపులోనూ తేజశ్రీకి నవ్వొచ్చింది. అంతలో గుమ్మం దగ్గర చప్పుడైంది.

కోదండరామ్! షిఫ్టు ముగించుకుని ఎప్పుడొచ్చాడో, ఒక బూటు విప్పి, రెండోది కాలికుండగానే గోడకు చేరగిలబడి ఉన్నాడు. ముఖమంతా తడి.

"తెలుసు... నా భార్యకు అంతా తెలుసు" అన్నాడు తెలుగులో, ఎవరితోనో తెలియకుండా. తర్వాత ఒంటి బూటుతోనే వచ్చి ఫోను అందుకున్నాడు. "మేడమ్, ఆడింది నేను. ఆవిడ కాదు. ఆవిడ పేరు వాడుకున్నాను."

ఎమిలీ అతని పేరు అడిగి రాసుకుంది. ఇది నిబంధనలకు విరుద్ధమనీ, కంపెనీలో రిపోర్టు చేయక తప్పదనీ దాచకుండా చెప్పింది. తేజశ్రీ పేరున ఖాతా ఈరోజే మూసేస్తుంది. ఆపిన డబ్బు బ్యాంకు దాటనే లేదు. అతని ఖాతాను మాత్రం తనను ఆడనివ్వవద్దని అతనే రాసిచ్చి మూసుకోవాలి. కౌన్సెలింగ్ నంబరు ఇచ్చి, "ఇద్దరూ మాట్లాడండి, విడివిడిగా కూడా" అంది.

అతను అక్కడికక్కడే యాప్‌లో తన పేరు తానే టైప్ చేశాడు. ఎంతకాలం ఆడనివ్వకూడదు అన్నచోట అన్నిటికంటే పెద్ద గడువు ఎంచుకున్నాడు.

"పొద్దున పార్సిళ్ళ మధ్య నిలబడి నొక్కాను తేజూ. ఇప్పుడు కుదరదు అని వచ్చింది. ఏడుపొచ్చేసింది... కోపంతో కాదు. హమ్మయ్య అనిపించి! నన్ను ఎవరో పట్టుకుని ఆపినట్టు..." మాట పూర్తికాక చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"మీ అక్కకు ఫోన్ చేయండి" అంది తేజశ్రీ. "నేనిక అబద్ధం ఆడలేను."

చేశాడు. ఏదీ దాచకుండా చెప్పాడు. పద్మిని చివరిదాకా వింది. తర్వాత పేలింది.

"ఒరే కోదండం! ఓవర్‌టైమ్, ఓవర్‌టైమ్ అని ఈ పిల్ల చెబుతుంటే కెనడాలో పార్సిళ్ళన్నీ మా తమ్ముడే మోస్తున్నాడనుకున్నాను కదరా! ఫీజు ఇప్పుడే, నేను లైన్‌లో ఉండగానే కట్టించు!"

తేజశ్రీ వెంటనే కట్టింది. "కట్టేశాను వదినా..."

అవతల వెక్కిళ్ళు వినిపించాయి. "తేజా, నువ్వూ తక్కువదానివి కావమ్మా! వాడి తప్పు నీ నెత్తిన వేసుకున్నావు. నీది గొప్ప మనసే, కాదనను. కానీ నువ్వు కప్పిపెట్టేకొద్దీ వాడు లోపలికి కూరుకుపోయాడు. ఇంకెప్పుడూ నాకు ఓవర్‌టైమ్ కథలు చెప్పకు."

"చెప్పను వదినా" అంది తేజశ్రీ. మందలింపు కూడా ఇంత చల్లగా ఉంటుందని ఆమెకు తెలియదు.

కౌన్సెలర్‌తో మాట్లాడటానికి మంగళవారం టైమ్ దొరికింది. అప్పటికి మూడు దాటింది. ఆమె అన్నం పెట్టింది. అతను కంచం ముట్టలేదు.

"నామీద కోపం రావట్లేదా?"

"రాకుండా ఉంటుందా? చాలా ఉంది. నా ముఖం, నా పేరు అడగకుండా తీసుకున్నారు. అది రేపు మాట్లాడతాను, ఎల్లుండి కూడా మాట్లాడతాను. మీరు వినాలి."

"వింటాను."

"ఇప్పుడు తినండి."

అతను పప్పు కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మెల్లగా నమిలాడు. ఇంకో ముద్ద తిన్నాడు. తలెత్తి భయపడుతూ ఆమెకేసి చూశాడు.

"తేజూ... ఏమనుకోకు. పప్పులో ఉప్పు వేయలేదు."

మూడు నెలలుగా ఏం పెట్టినా రుచి తెలియకుండా మింగిన మనిషి! తేజశ్రీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చి, అతని కంచంలో తన చేత్తోనే వేసింది.