పతకంలో అల్లం మురబ్బా

ఆ ఏడు విశాఖపట్నానికి చలికాలం మూడు వారాలే వచ్చింది. వాతావరణ శాఖ ముందే చెప్పింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. బీరువాలోంచి స్వెట్టర్లు తీసి, ఎండలో వేసి, మళ్ళీ లోపల పెట్టేసరికి అయిపోయే చలి అది. మిగతా కాలమంతా ఆరుబయట పరిగెత్తడం నిషేధం. అందుకే పరుగు పోటీలన్నిటినీ ఆ మూడు వారాల్లోనే కుక్కేవారు. ఒక హాఫ్ మారథాన్ నొప్పులు తగ్గకముందే రెండోది వచ్చి మీద పడేది.

ఉప్పునీటి శుద్ధి కేంద్రంలో ఫోర్‌మన్‌గా పనిచేసే పైడిరాజు భీమిలి పోటీలో పిక్క పట్టేసి దారిలోనే కూలబడ్డాడు. కుంటుకుంటూ చేరేసరికి గేటు మూసేశారు. పతకం రాలేదు. బుద్ధున్నవాడైతే ఇంట్లో కూర్చునేవాడు. మన పైడిరాజు మాత్రం పది రోజులు తిరక్కుండానే విశాఖ పోటీకి పేరిచ్చాడు.

ఆ రోజుల్లో పతకమంటే ఉత్త లోహపు బిళ్ళ కాదు, అనుభూతి పతకం. పరిగెత్తేవాళ్ళ మెడ వెనక అతికించిన న్యూరల్ సెన్సర్, నాడుల్లో పుట్టే ప్రతి సంకేతాన్నీ పతకంలోని చిప్‌కు చేరవేస్తుంది. శాస్త్రజ్ఞులు దీన్ని నాడీముద్రణ అన్నారు. ఆ పతకం ఇంకెవరు మెడలో వేసుకున్నా ఆ పరుగు వాళ్ళదైపోతుంది. తొడల మంట, ఎండిన గొంతు, గీత దాటినప్పటి పొంగు, అన్నీ కొద్ది నిమిషాల్లో అనుభవానికి వస్తాయి. మాటలూ ఆలోచనలూ రావు. ఒళ్ళూ మనసూ పడ్డ అవస్థ మాత్రం దాచినా దాగదు.

పైడిరాజు క్లబ్బులో ఒక ఆచారం ఉంది. పోటీ మర్నాడు అందరూ క్లబ్బు డాబా మీద ఇడ్లీలకు చేరతారు. పూర్తి చేసినవాళ్ళు తమ పతకాన్ని పూర్తి చెయ్యలేనివాళ్ళ మెడలో వేస్తారు. ఏ ఒక్కరూ గీత దాటకుండా సీజను ముగించకూడదని వాళ్ళ నియమం.

భీమిలి తర్వాత పైడిరాజు మెడలో పతకం వేసింది సత్యవేణి. ఆమె స్కూలు టీచరు. ఆరేళ్ళుగా అతని పక్కన పరిగెడుతూ, అతన్ని అన్నయ్యా అని పిలుస్తూ, నిజంగా చెల్లెలే అయిపోయింది. అతను కూలబడ్డప్పుడు ఆమె ఆగలేదు. "వలంటీర్లున్నార్లే అన్నయ్యా" అంటూ వెళ్ళిపోయింది. అది అతని మనసులో కొంచెం ముల్లులా ఉండేది. పతకం వేసుకున్నాక ఆ ముల్లు పోయింది. సరిగ్గా ఆ చోటికి వచ్చేసరికి ఆమె గుండె పట్టేసింది. కాళ్ళు వెనక్కి లాగాయి. తోబుట్టువుకు దెబ్బ తగిలినప్పటి గాబరా అది. దానితోపాటు నాలుక మీద అల్లం మురబ్బా ఘాటు. దారిలో నమలడానికి దవడన పెట్టుకుంది కాబోలు అనుకుని, అందరి ముందూ ఏడ్చేశాడు.

"నీ దగ్గరే ఉంచుకో అన్నయ్యా. నీది నీకొచ్చాక ఇద్దువుగాని" అంది సత్యవేణి.

విశాఖ పోటీలో సగం దూరానికే పైడిరాజు కాళ్ళు మొద్దుల్లా అయ్యాయి. పాత నొప్పి పిక్కలోంచి తొడలోకి పాకింది. ముందు సత్యవేణి వీపు కనబడుతోంది. ఎంత ఈడ్చినా ఆ వీపు దగ్గరకు రావడం లేదు. సముద్రపు గోడ మలుపులో ఆమె చీలమండ మడతపడి పడిపోయింది. తలెత్తి, "అన్నయ్యా" అంది.

"వలంటీర్లొస్తారమ్మా" అని పైడిరాజు ఆమెను దాటిపోయాడు.

దాటిపోతే పోయాడు, అంతదూరం తంటాలు పడి వచ్చినవాడు ఆగలేకపోయాడని సరిపెట్టుకోవచ్చు. అసలు సిగ్గుచేటు వేరే ఉంది. ఆమెను దాటగానే అతని కాళ్ళు తేలికయ్యాయి. ఛాతీలో చల్లగా, తియ్యగా ఏదో పొంగింది. ఆ పరుగు మొత్తంలో అతనికి హాయిగా ఉన్న చోటు అదొక్కటే. ఇంటికెళ్ళి పతకం మెడలో వేసుకుని చూసుకున్నాడు. ఆ హాయి చెక్కుచెదరకుండా ఉంది. రేపు దీన్ని సత్యవేణి మెడలో వెయ్యాలి. స్నానం చేసినా ఆ సిగ్గు వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే రెండు పతకాలూ జేబులో వేసుకుని డాక్టర్ రత్నసుందరం ప్రయోగశాలకు వెళ్ళాడు. అనుభూతి పతకాన్ని కనిపెట్టింది ఆయనే.

"నా పతకంలో ఒకచోట కొంచెం తీసెయ్యాలండి" అన్నాడు పైడిరాజు, ఆయన మొహం చూడకుండా.

"తీసెయ్యొచ్చు. కానీ అక్కడ ఖాళీ మిగులుతుంది. వేసుకున్నవాళ్ళకి మెట్టు తప్పినట్టుంటుంది, పట్టేస్తారు. దాని బదులు ఇంకేదైనా అతకాలి."

పైడిరాజు సత్యవేణి పతకం బల్లమీద పెట్టి, ఏ చోటో చెప్పాడు. ఆయన దాన్ని యంత్రంలో పెట్టి, తెరమీది తరంగాలను చాలాసేపు చూశాడు.

"ఈ ముక్కేనా?"

"అదేనండి. మా చెల్లెలిది. చాలా మంచి మనిషి."

"మనిషికి మనిషి బాధ తెలియాలని కనిపెట్టానండీ దీన్ని" అన్నాడు ఆయన. ఇంకేదో అనబోయి మానేసి, అతికించి ఇచ్చాడు.

మర్నాడు డాబా మీద సత్యవేణి కాలికి కట్టుతో కూర్చుని ఉంది. పైడిరాజు ముందు ఆమె పతకం ఆమెకిచ్చేసి, తర్వాత తనది మెడలో వేశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. తొడల మంటకు పళ్ళు బిగించింది. మలుపు వచ్చినట్టుంది, మొహం మెత్తబడింది. తర్వాత ఆమె నాలుక నోట్లో ఒకసారి కదిలింది. కళ్ళు తెరిచింది.

"నిన్న మురబ్బా తిన్నావేటి అన్నయ్యా?"

"ఆఁ... నిన్ను చూసే నాకూ అలవాటైంది."

"నాకు అల్లం పడదు" అంది సత్యవేణి మెల్లగా.

అప్పుడే వడ్డించేవాడు అల్లం పచ్చడి బకెట్టుతో వచ్చాడు. ఆమె విస్తరి మీద చెయ్యి అడ్డంపెట్టింది. ఆరేళ్ళుగా ప్రతి పోటీ మర్నాడూ ఆ చెయ్యి అలాగే అడ్డం రావడం పైడిరాజు చూస్తూనే ఉన్నాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"నువ్వు పడిపోయావని నాకు సంబరమేసింది అన్నయ్యా" అంది ఆమె. "అది నీకెలా చూపిస్తాను? అందుకని మా వదిన పాత పతకంలోంచి గాబరా ముక్క తీసి అతికించమన్నాను సుందరం గారిని."

"మీ వదినకి అల్లం..."

"మా ఇంట్లో ఎవరికీ పడదు."

"మరి ఇదెవరిదమ్మా?"

ఇద్దరూ డాబా చుట్టూ చూశారు. గీత దాటలేనివాళ్ళు వరసగా కూర్చుని, దాటినవాళ్ళ పతకాలు వేసుకుని, కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒకరి తర్వాత ఒకరు గుటక వేసి, నాలుకతో పెదవి తడుపుకుని, కళ్ళు తుడుచుకుంటున్నారు. "ఎంత మంచోడివిరా" అని ఎవరో పక్కవాడి భుజం తడుతున్నారు. ఆ పక్కవాడు తల దించుకుని ఇడ్లీ తుంపుతున్నాడు.