బుడుంగు బాబాయ్ నడక

వార్త వచ్చేసరికి పైడిరాజు నాట్యపు ఆట పలక మీద ఒంటికాలితో నిలబడి ఉన్నాడు. పక్క పలక మీద మృదుల కూడా అంతే. ఎదురుగా గోడ మీద బుడుంగు బాబాయ్ అనే నీటికుక్క గళ్ల లుంగీ ఎగ్గట్టి గిరగిరా తిరుగుతున్నాడు. పాటలో ఆఖరి దరువు పడింది. ఇద్దరూ ఒకేసారి రెండో కాలు దించారు. సరిగ్గా అప్పుడే గోడ మీద నగర వినోద మండలి సందేశం వెలిగింది.

‘మీ గంతుల అడవి ఏడో భాగాన్ని రేపు పదింటికి కొత్తతీరం నగరంలోని పద్దెనిమిది పార్కుల్లో నేల మీద పరుస్తున్నాం. తయారుచేసిన ఇద్దరూ ఈ రోజే వార్డు కార్యాలయానికి వచ్చి అడుగు సంతకం చేయగలరు.’

“పద్దెనిమిది పార్కులా!” అంది మృదుల. ఆమె ఎడమ కాలు చిన్న అరగెంతు వేసింది. పైడిరాజు ఎడమ కాలూ వేసింది.

“మన పెళ్లికి పద్దెనిమిది మంది కూడా రాలేదు కదే,” అన్నాడతను.

“అందుకే బాబాయ్ అంటే నాకు నీకన్నా ఇష్టం.”

గంతుల అడవి ఏ కంపెనీదీ కాదు. ఎప్పుడో ఒక కంపెనీ నాట్యపు ఆట ఒకటి తెచ్చి, విసుగొచ్చి మూసేసింది. దాన్ని మరిచిపోలేని వాళ్లు కొందరు తమ సరదా కోసం కొత్తగా కట్టుకున్నారు. ఒక ఊరివాళ్లు పాటలు చేస్తే, ఇంకో ఊరివాళ్లు అడుగులు రాసేవారు. మృదుల జంతువులకు బట్టలు తొడిగి, మనుషుల్లా నిలబెట్టి గీసేది. పైడిరాజు తానే గెంతి చూసుకుంటూ వాటికి అడుగులు రాసేవాడు. ఎలుగుబంటికి నడుము ఎక్కడుండాలన్న గొడవ మూడేళ్లు సాగి పెళ్లిలో తేలింది. కొత్త భాగం విడుదలయ్యే ముందు దాన్ని తయారుచేసినవాళ్లూ, ముందుకొచ్చిన కొందరు అభిమానులూ రెండు వందల సార్లు ఆడి చూడాలన్నది వాళ్లంతా పెట్టుకున్న నియమం. పెళ్లయిన ఈ రెండు నెలలూ వాళ్లిద్దరూ రెండు అడుగు పలకలు పక్కపక్కన వేసుకుని ఆ రెండు వందలూ పూర్తిచేశారు. మధ్య మధ్య అల్లం పెసరట్లు తిన్నారు.

టీ తాగి బయలుదేరారు. ఆ నగరంలో తాళాలు లేవు, కార్డులు లేవు. ప్రతి గడపలో, ప్రతి బస్సు మెట్టులో, ఆసుపత్రి వరండాల్లో నేలకన్ను ఉంటుంది. అది మనిషిని నడకతో గుర్తుపడుతుంది. ముఖం మార్చుకోవచ్చు, గొంతు అనుకరించవచ్చు, నడకను మాత్రం మార్చలేరన్న నమ్మకంతో పెట్టిన ఏర్పాటు అది.

రెండు వారాలుగా వాళ్లింటి గడప మృదులను చూసి “స్వాగతం, పైడిరాజు గారూ” అంటోంది. అన్నప్పుడల్లా ఆమె లేని మీసం దువ్వి, “ఏమే, టీ పెట్టావా?” అనేది. అతను లేని కొంగు సర్దుకుని, “పెట్టానండీ” అనేవాడు. గడప పాతదై పాడైందనుకున్నారు.

వార్డు కార్యాలయంలో నమోదు అధికారిణి సన్యాసమ్మ బల్ల మీద మరమరాల గిన్నె పెట్టుకుని కూర్చుంది. గోడ వారగా నల్లటి పలక పరిచి ఉంది.

“ఏడడుగులు నడిస్తే సంతకం అయిపోయినట్టే,” అంది ఆవిడ.

“పెళ్లిలో నడిచినవి సరిపోలేదటండీ,” అంది మృదుల నవ్వుతూ. నడిచింది. పలక పచ్చగా వెలిగింది. వెనకే పైడిరాజు నడిచాడు. పలక ఎర్రబడి, “మృదుల గారూ, మీ సంతకం ఇదివరకే అయింది” అంది.

ఇద్దరూ పగలబడి నవ్వారు. అతను మళ్లీ నడిచాడు. పలక అదే మాట అంది. సన్యాసమ్మ తెర మీద ఏదో చూసి మరమరాల గిన్నె పక్కకు జరిపింది.

“మీ ఇంట్లో ఎంతమంది ఉంటన్నారు బాబూ?”

“మేమిద్దరమే.”

“పదిహేను రోజుల నుంచి ఒక్క మనిషే ఉంటన్నట్టుంది ఇక్కడ.”

మృదుల నవ్వు ఆగింది. “అయితే ఆ నడక ఎవరిదండీ? నాదా, ఆయనదా?”

“చిన్నప్పుడు బడిలో నమోదైన మీ నడకలు తీసి చూశానమ్మా. నీదీ కాదు, ఆ బాబుదీ కాదు.”

పైడిరాజుకు అర్థమైంది. సంతోషం కలిగినప్పుడు మృదుల ఎడమ కాలు ఒక అరగెంతు వేస్తుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. పెళ్లికి ముందు ఆ గెంతు తీసుకుని, తన కుడికాలి పొడుగు అంగతో కలిపి బుడుంగు బాబాయ్‌కి నడక రాశాడు. ఎప్పుడో ఒకరోజు చెప్పి ఆమెను ఆశ్చర్యపరచాలనుకున్నాడు.

“అది నేను రాసిందేనండీ,” అన్నాడు. “మా ఇద్దరిదీ కలిపి.”

మృదుల అతని వైపు చూసింది. ఇంకెక్కడైనా అయితే అతని మెడ చుట్టూ చేతులు వేసేదే.

“ఒక నడకకి ఒక్క మనిషే ఉండాలి,” అంది సన్యాసమ్మ. “మూడు రోజుల్లో వేరు పడకపోతే నేలకన్నే ఒక పేరు కొట్టేస్తాది. ఆ మనిషికి తలుపు తెరుచుకోదు, బస్సు ఆగదు, ఆసుపత్రిలో మందివ్వరు.”

“కావాలని కుంటుకుంటూ నడిస్తే?” అంది మృదుల.

“నేలకన్ను పట్టేస్తాది. మోసం కింద రాస్తాది.”

“ఆట మానేస్తాం.”

“ఈ నెల నలభై ఇద్దరు వచ్చారు బాబూ. ఒకరి ముఖం ఒకరు ఎరగరు గానీ అందరిదీ ఆ నీటికుక్క నడకే. మానేసి చూశారు. కాళ్లు మరవలేదు.” ఆవిడ సొరుగులోంచి చింతగింజంత లోహపు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. “మడమ బిళ్ల. మడమ కోసి లోపల పెడతారు, పది నిమిషాల పని. గెంతే కాలికే పెట్టాలి, లేకపోతే నడక మారదు. తరవాత కుంటు ఉండిపోతాది. గెంతడాలూ అవీ ఉండవు. ఎవరికన్నది మీరే తేల్చుకోండి. నన్నడక్కండి, నాకూ కొత్తగా పెళ్లయిన కూతురుంది.”

ఇంటికి తిరిగొచ్చారు. ఇద్దరూ లోపలికి అడుగుపెట్టాక గడప ఒక్కసారే, “స్వాగతం, మృదుల గారూ” అంది. ఎవరూ మీసం దువ్వలేదు.

“నేను పెట్టించుకుంటా,” అన్నాడు పైడిరాజు.

“పెట్టించుకుని అడుగులు దేంతో రాస్తావు, మోచేత్తోనా? నేనంటే చేత్తో గీసుకుంటాను.”

“నీ గెంతు పోతుంది.”

“నాకుందనే తెలీదు కదా, పోతే పోనీ.”

“నాకు తెలుసు కదే.”

సాయంత్రం దాకా అదే గొడవ. అన్నం వండారు, తినలేదు. చివరికి అతను తన పలక మీదికి ఎక్కాడు. “ఆడి తేల్చుకుందాం. ఓడినవాళ్లకి బిళ్ల. గెలిచినవాళ్లు నోరెత్తకూడదు.”

“సరే,” అంది ఆమె వెంటనే.

పాట మొదలైంది. పైడిరాజు మూడో దరువుకే అడుగు తప్పాడు. పక్క పలక వైపు చూడలేదు. కష్టమైన చోట తప్పితే అనుమానం రాదని అక్కడ తప్పాడు, మరీ ఎక్కువైందనిపించి కాసేపు సరిగా ఆడాడు, చివరి తిప్పుడులో కాలు దించేశాడు. పక్కన మృదుల ఊపిరి మాత్రం వినిపించింది.

పాట ముగిసింది. గోడ మీద రెండు అంకెలు వెలిగాయి. అతనివి ముప్ఫై ఒక్క వేల నాలుగు వందల అరవై. ఆమెవీ అంతే. తప్పిన అడుగులు ఇరవై ఏడు. ఇద్దరివీ అవే ఇరవై ఏడు.

బుడుంగు బాబాయ్ లుంగీ దించి చేతులు జోడించాడు. ‘అద్భుతమైన జంట!’ అన్న అక్షరాల మీద సన్నజాజులు రాలాయి. సమానంగా ఆడినవాళ్ల కోసం ఆ పూలను మృదుల తన పెళ్లికి వారం ముందు కూర్చుని ఒక్కొక్కటిగా గీసింది.

“దొంగా, కావాలని ఓడావు,” అంది.

“మరి నువ్వు?”

ఆమె నవ్వబోయింది, కుదరలేదు. పలక అంచున కూర్చుని ఎడమ పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది. ఎవరిదో వస్తువు చూసినట్టు మడమను చూసింది.

“ఇంకొక్కసారి ఆడదాం,” అన్నాడు అతను.

“ఎన్నిసార్లు ఆడినా ఇంతే పైడీ.” ఆమె గోడను ఆర్పేసింది. బాబాయ్ చేతులు జోడించుకునే మాయమయ్యాడు. “రేపు తొమ్మిదింటికి నేను వెళ్తున్నా. నువ్వు నాతో రావద్దు. పదింటికి పార్కుల్లో ఆట పరుస్తారు. అది ఊరందరి కాళ్లకీ అంటకముందే నువ్విక్కడ కూర్చుని బాబాయ్ నడక మొత్తం తీసెయ్. ఒక్క అడుగు కూడా ఉంచకు.”