మామగారి మడత మేజా

రాత్రి డ్యూటీ ముగించుకొని తెల్లవారుజామున ఫ్లోరా ఇంటికి వచ్చేసరికి పొయ్యి ఇంకా రాజలేదు. మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో నర్సు పని ఆమెది. చెప్పులు విడిచి, చీరైనా మార్చకుండా వంటింట్లోకి పోయి మామగారికి నీళ్లు కాచింది. వరండాలో భర్త దయానందం మడత మేజాను పాత దుప్పటిలో చుట్టి తాడుతో కడుతున్నాడు.

"పొద్దున బస్సుకే పోవాల. సారా కుప్పం నుంచి నేరుగా పుంగనూరికి వస్తాండాది," అన్నాడు తలెత్తకుండా.

"మామ?"

"వస్తాడంట. మేజాను ఒంటిగా పంపడంట. నువ్వు గూడా రావాల. ఆయన్ను పట్టుకొని బస్సెక్కించేది నా వల్ల కాదు."

ఫ్లోరా గోడకు ఆనుకొని కాసేపు కళ్లు మూసుకుంది. "సరే" అంది.

మామగారు పరంజ్యోతి అదే ఆస్పత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాడు. రెండేళ్ల కిందట భార్య పోయాక ఆ మేజాను ఇంటికి తెచ్చాడు. పాత డాక్టరు దొర లండన్ నుంచి ఓడలో తెచ్చుకున్నదనీ, వెళ్లిపోతూ తనకిచ్చాడనీ, ఇన్నాళ్లూ ఆస్పత్రి గిడ్డంగిలో దాచాననీ చెప్పాడు. నూరేళ్ల నాటిదట. "నన్ను కడదాకా చూసినోళ్లదే ఇది" అన్నాడు. అప్పటినుంచి కొన్నాళ్లు కొడుకు దగ్గర, కొన్నాళ్లు కుప్పంలో కూతురు సారా దగ్గర ఉంటున్నాడు. ఎక్కడికి పోయినా మేజా వెంట పోయేది.

ఇప్పుడు దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. దొరలు సామాన్లు అమ్ముకొని పోతున్నారు. ఆ పాత సామాన్లకు బెంగుళూరులో మంచి గిరాకీ ఉందని ఎవరో చెప్పగానే అన్నాచెల్లెళ్లు ఒక మాట మీదికి వచ్చారు. ఇప్పుడే అమ్మి చెరి సగం తీసుకోవాలి. "అమ్మొద్దురా" అని ముసలాయన ఎన్నిసార్లు అన్నా ఎవరూ వినిపించుకోలేదు.

పుంగనూరులో దొరల సామాన్లు కొనేది నూర్ అహ్మద్. దయానందం వాళ్లు చేరేసరికి సారా అతని అంగడి ముందు నిలబడి ఉంది. తండ్రిని పలకరించకముందే అన్నను అడిగింది, "దెబ్బలేం తగల్లేదు కదా దానికి?"

నూర్ అహ్మద్ మేజాను విప్పి కాళ్లు సాచి నిలబెట్టాడు. పైచెక్కను అరచేత్తో నిమిరాడు. వేలితో తట్టాడు. తరువాత దాన్ని బోర్లించి, మరలను ఒక్కొక్కటిగా చూశాడు.

"నూరేండ్ల సామానుకు మరలు చేత్తో కోసినవి ఉంటాయప్పా. ఒకటి మాదిరి ఇంకొకటుండదు. ఇవన్నీ మిషన్ మరలు. కట్టె గూడా టేకు కాదు, రంగు పూసినారు." తడిగుడ్డతో అడుగుభాగం గట్టిగా తుడిచాడు. రంగు కింద ఎవరో గీకిన చోట తడికి నల్లగా ఒక బాణం గుర్తు, దాని కింద అంకెలు తేలాయి. "సూడండి. మిలిటరీ బాణం. నలభై మూడో సంవత్సరం. మొన్నటి యుద్ధంలో బెంగుళూరులో ఇట్లాంటివి వేలకు వేలు చేసినారు. యుద్ధం అయిపోయినాక సంతల్లో గూడా అమ్మినారు. దీనికేం ధర సెప్పేది? సెనక్కాయల మూట గూడా రాదు."

సారా ముఖం పాలిపోయింది. దయానందం తండ్రి వైపు తిరిగాడు.

"నాయినా, ఇది దొర ఇచ్చింది కాదా?"

పరంజ్యోతి బెంచీ మీద కూర్చున్నాడు. చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నాడు. "కాదు. కుప్పం సంతలో కొన్నా. ఆ గుర్తు గీకేసి, రంగు పూసింది నేనే."

"ఇంత అబద్ధం యాల సెప్పినావు?" దయానందం గొంతు అంగడి బయటికి వినిపించింది. "రెండేండ్లుగా మమ్మల్ని ఎర్రోళ్లను చేసినావా?"

"మీయమ్మను పాతిపెట్టి వచ్చిన వారానికి మీరిద్దరూ వాకిట్లో నిలబడి మాట్లాడుకున్యారు. నాయిన్ను నువ్వు పెట్టుకో అంటే నువ్వు పెట్టుకో అని. నేను లోపల పడుకోనుండా. అంతా వినిపించింది." ఆయన కోపంగా అనలేదు. అలసిపోయిన మనిషి చెప్పినట్టు చెప్పాడు. "మేజా తెచ్చినాక ఇద్దరూ రమ్మన్యారు."

సారా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దయానందం భార్యను చూశాడు. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసా?"

"పోయిన వానల్లో తేమకు ఆ గుర్తు, ఆ అంకెలు బయటపడినాయి," అంది ఫ్లోరా. "మళ్లీ రంగు పూసి పెట్టినా."

"నాకు సెప్పలేదే!"

"సెప్తే ఆ పొద్దే మామను కుప్పం బండెక్కిస్తావు. ఆడ సారా ఎన్నాళ్లు పెట్టుకుంటాదో నాకేం తెలుసు? ఇంగ ఆ ముసలాయన యాడికి పోవాల?"

పరంజ్యోతి తలెత్తి కోడలిని చూశాడు. పోయిన వానాకాలం నుంచి ఆమె కాచిపెట్టిన నీళ్లు, కలిపిపెట్టిన గంజి, డ్యూటీ నుంచి వచ్చి నూనె రాసిన కాళ్లు అన్నీ ఆయనకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఏమీ రాదని తెలిసే చేసింది ఈ బిడ్డ. ముసలాయన కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

సారా వచ్చి తండ్రి కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. "నాయినా, నీకు యాడ ఉండాలనుండాది? నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు సెప్పు."

"అదంతా తర్వాత మాట్లాడుకుందాంలేమ్మా. ఫ్లోరా రాత్రంతా నిద్రపోలేదు. ముందు ఆ బిడ్డను ఇంటికి తీసకపోండి."

దయానందం తండ్రి పక్కకు వచ్చి, చంక కింద చెయ్యి వేసి నెమ్మదిగా లేపాడు. "లే నాయినా. నన్ను పట్టుకో."

మేజాను నూర్ అహ్మద్‌కే వదిలేశారు. సారా కుప్పం బస్సు ఎక్కలేదు. "నేను గూడా మదనపల్లెకు వస్తా వదినా. నాలుగు పొద్దులు వంట నేను చేస్తా, నువ్వు పండుకో" అంది. ఫ్లోరా వద్దనలేదు.

బస్సు ఊరు దాటకముందే ఆమెకు నిద్ర ముంచుకొచ్చింది. తల పక్కకు వాలి మామగారి భుజం మీద ఆగింది. గతుకుల రోడ్డు. ఆమె లేస్తుందేమోనని ముసలాయన మదనపల్లె వచ్చేదాకా మెదలకుండా కూర్చున్నాడు.