గోడవతల గొంతు

ఆ ఇంటి స్నానాలగదికి చెడ్డపేరుంది. రాత్రిపూట వేణ్ణీళ్ళ బకెట్‌తో అందులో అడుగుపెడితే చాలు — గోడలోంచి ఠక్ ఠక్... వెంటనే ఒక ఆడగొంతు, “వద్దు... వద్దు...” అని. అద్దెకొచ్చినవాళ్ళు ఒకరి వెనక ఒకరు పెట్టేబేడా సర్దుకుపోయారు. నేనంటారా, పట్టపగలే ఆ గుమ్మం ముందు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తే వీరుణ్ణి. కాబట్టి ఇది నేను చూసింది కాదు, దర్జీ చెప్పగా విన్నది.

దర్జీ కూడా ధైర్యవంతుడేం కాదు. ఇంకెక్కడా ఇల్లు దొరక్క దిగాడు. పక్కగదిలో ఇంటావిడ, ఆ ఇల్లుగలావిడ, ఒక్కత్తే ఉండేది. ముసలావిడ. ఎవరితోనూ మాటా పలుకూ లేదు.

ఆ రాత్రి భార్య డ్యూటీకి వెళ్ళింది. అప్పుడే నడక నేర్చిన కూతురు ఒళ్ళంతా వాంతి చేసుకుంది.

“అయ్యో నా బంగారుతల్లీ... ఉండు, కడిగేస్తా.”

మరిగిన నీళ్ళు బకెట్లో గుమ్మరించి స్నానాలగదిలో పెట్టాడు. పిల్లని చాపమీద కూర్చోబెట్టి, ఇంకో బకెట్ పట్టుకుని చన్నీళ్ళకోసం పెరట్లోకి వెళ్ళాడు. అందరం చేసే పనే అది — ముందు వేణ్ణీళ్ళు, ఆపైన చన్నీళ్ళు.

కొళాయి తిప్పాడో లేదో... కరెంటు పోయింది.

ఠక్... ఠక్ ఠక్...

“వద్దు... వద్దు నాయనా...”

దర్జీ కాళ్ళు నేలలో పాతుకుపోయాయి. లోపల చిన్న అడుగులు — టపటప... టపటప... పిల్ల చాపమీంచి లేచింది. స్నానాలగదివైపే నడుస్తోంది. పరిగెత్తాలి. కానీ గుమ్మంలో అది నిలబడి ఉంటే?...

“నాన్నా!” అంది పిల్ల, చీకట్లో, నవ్వుతూ.

లోపల బకెట్ దభేలుమంది. ఆ వెనకే గదిలోంచి ఒక కేక.

“నా తల్లీ!” దర్జీ గోడలకి గుద్దుకుంటూ వచ్చి లోపల పడ్డాడు. అంతా ఆవిరి. నేలంతా తడిమాడు. చేతులు చుర్రుమన్నాయి. పిల్ల లేదు.

“ఏదీ... నా పిల్ల ఏదీ!”

అగ్గిపుల్ల గీశాడు.

స్నానాలగదికీ పక్కగదికీ నడుమ ఎన్నడూ తెరవని మధ్యతలుపు బార్లా తెరిచి ఉంది. ఇంటావిడ గోడకానుకుని, పిల్లని తలకంటే ఎత్తున పట్టుకుని నిలబడింది. పిల్లమీద చుక్క పడలేదు. ఆవిడ పాదాలమీంచే ఆవిరి లేస్తోంది.

“పళ్ళపేస్టు తెస్తానమ్మా... పేస్టు రాస్తే—”

“పేస్టూ వద్దు, గీస్టూ వద్దు. కొళాయి దగ్గరికి తీసుకెళ్ళు.”

ధారకింద ఆవిడ కాళ్ళు పెట్టి, పిల్లని గుండెకి అదుముకుని దర్జీ వెక్కివెక్కి ఏడ్చాడు. “ముందే చెప్పకూడదా అమ్మా!”

“ముందు చన్నీళ్ళు పొయ్యండని పగలు చెబితే పిచ్చిదన్నారు. రాత్రి గోడ కొడితే దెయ్యమన్నారు.” పళ్ళు బిగించి నవ్వబోయింది, నవ్వు రాలేదు. “నా మనవడూ ఇట్లాగే బకెట్లో... ముందు చన్నీళ్ళు పోసుంటే బతికేవాడు. ఒళ్ళు కాలాక కూడా నీళ్ళు పొయ్యకుండా మేం పేస్టు రాస్తూ కూర్చున్నాం.”

దర్జీ చెయ్యి కొళాయిమీదికి పోయింది.

“కట్టెయ్యకు నాయనా... ఇంకాసేపు పారనీ.”