కరెంటు తాగేసే కారు

"మీ కారులో ఏ లోపమూ లేదండీ. ఉంటే గింటే నడిపేవాళ్లలో ఉండాలి," అంది చిన్నమేస్త్రి, తాళంచెవులు బల్లమీద పెడుతూ.

ఎదురుగా నిలబడ్డ లెక్చరర్ ఆ తాళంచెవుల వంక, ఆమె వంక మార్చి మార్చి చూశాడు.

"అంటే, నేను లైట్లు ఆర్పడం మర్చిపోతున్నానంటారా?"

"నేననలేదు. మీరే అన్నారు."

"కాలేజీలో ఫిజిక్స్ చెప్తానండీ నేను!"

"ఫిజిక్స్ చెప్పేవాళ్లు లైట్లు మర్చిపోరని ఏ సూత్రంలో ఉందో చెప్పండి, రాసుకుంటాను."

వెనక కుర్చీలో కూర్చున్న పెద్దమేస్త్రి దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అది దగ్గు కాదు, నవ్వు.

కార్లలో కరెంటు పని చేసే ఆ షెడ్డు ముప్పై ఏళ్లుగా ఆయనది. పోయినేడు నడుం పట్టేసిన దగ్గర్నుంచి ఆయన పని కుర్చీలో కూర్చుని చూడటం వరకే. చేతులన్నీ కూతురివే. అందుకే వచ్చేపోయేవాళ్లు ఆయన్ని పెద్దమేస్త్రి అనీ, ఆమెని చిన్నమేస్త్రి అనీ పిలవడం మొదలుపెట్టారు. ఆమెకి ఆ పిలుపు ఇష్టమే. ఎటొచ్చీ, ఆ పిలుపు నిలబెట్టుకోవాలన్న పట్టుదల కాస్త ఎక్కువ.

లెక్చరర్ తెచ్చిన బూడిదరంగు కారు ఆమెకన్నా రెండేళ్లు పెద్దది. సాయంత్రం శుభ్రంగా నడుస్తుంది, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. ఇద్దరు మెకానిక్కులు చూశారు. ఒకాయన కొత్త బ్యాటరీ వేశాడు. అదీ అంతే. చిన్నమేస్త్రి మూడు రోజులు షెడ్డులో ఉంచుకుంది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, మధ్యలో మీటరు పెట్టి, బండి ఆగి ఉన్నప్పుడు ఎంత కరెంటు తాగుతోందో చూసింది. గడియారానికీ రేడియో జ్ఞాపకానికీ కావలసిన చుక్క తప్ప ఏమీ పోవడం లేదు. మూడు పొద్దులూ బండి ఒక్క తిప్పుకే గుర్రంలా లేచింది.

"సరే," అన్నాడు లెక్చరర్. "మా అమ్మ మాట కాదనలేక గానీ, ఈ డొక్కుని ఎప్పుడో అమ్మేసేవాణ్ణి. మా స్టాఫ్ రూములో ఒకాయన అడుగుతున్నాడు కూడా."

"డొక్కు అనకండి. వింటుంది."

అతను నవ్వబోయి, కోపంలో ఉన్నానని గుర్తొచ్చి, మానేసి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు పొద్దున్న ఫోన్ వచ్చింది.

"ఇవాళ మా అమ్మకి కంట్లో శుక్లం ఆపరేషన్. ఏడింటికల్లా ఆసుపత్రిలో ఉండాలి. కారు కదల్లేదండీ. కళ్లు సరిగా కనపడని మనిషిని చెయ్యి పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిపించాను. వెళ్లేసరికి ఆలస్యమైంది, రేపు రమ్మన్నారు. రాత్రి లైట్లు ఆర్పానో లేదో రెండుసార్లు చూశాను. మీకు చెప్పాలనిపించింది. అంతే."

అరవలేదు, ఎత్తిపొడవలేదు. ఫోన్ పెట్టేశాడు.

చిన్నమేస్త్రి మొహం చూసి తండ్రి అడిగాడు, "ఏమన్నాడేం?"

"ఏమీ అనలేదు నాన్నా. అదే గుచ్చుకుంటోంది."

"తిట్టినవాడికైతే మాటకి మాట చెప్పొచ్చు," అన్నాడాయన. "తిట్టనివాడికి పని చేసి చూపించాల్సిందే."

ఆదివారం షెడ్డుకి సెలవు. ఆమె పనిముట్ల పెట్టె పట్టుకుని లెక్చరర్ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. చిన్న గేటు, గేటు వెనక పైకప్పు లేని పెరడు, పెరట్లో బూడిదరంగు కారు. వరండాలో కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కుడికంటికి తెల్లని మూత. మిగిలిన ఎడమకన్ను ఆమెని పైనుంచి కిందిదాకా కొలిచేసింది.

"మావాణ్ణి మతిమరుపు మనిషన్న అమ్మాయివి నువ్వేనా?"

"నేనేనండీ. తప్పు నాదే. మీకు ఆరోజు ఇబ్బంది..."

"తప్పేముంది, ఉన్నమాటే అన్నావు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా కళ్లజోడు వెతుకుతాడు."

"అమ్మా!" లోపలినుంచి గొంతు వినిపించింది. వెనకే మనిషి. కళ్లజోడు నెత్తిమీదే ఉంది. చిన్నమేస్త్రి పెదవి కొరుక్కుంది.

"ఈ కారు మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను, నలభయ్యో ఏట," అంది పెద్దావిడ. "వీడు వెనక సీట్లో కూర్చుని 'అమ్మా బ్రేకు, అమ్మా బ్రేకు' అని ఒకటే గోల. కన్ను బాగవగానే మళ్లీ నడుపుతాను. అప్పటికి దీన్ని లేపి నిలబెట్టాలి నువ్వు."

"నిలబెడతానండీ," అనేసింది. వెంటనే పనిముట్ల పెట్టె తెరిచింది.

మీటరు తగిలించింది. తలుపులన్నీ మూసి ఇరవై నిమిషాలు ఆగింది. సున్నా పాయింట్ సున్నా మూడు. షెడ్డులో ఎన్ని యాంపియర్లో ఇక్కడా అన్నే. ఆమె మొహం వాడిపోయింది.

"నా దగ్గర ఒక పుస్తకం ఉంది," అన్నాడు లెక్చరర్ మెల్లగా. "నవ్వనంటే చూపిస్తాను."

"ఇప్పుడు నవ్వే స్థితిలో లేనండీ."

నోటుపుస్తకం నిండా గళ్లు. కారు మొండికేసిన ప్రతి పొద్దూ తేదీతో సహా రాశాడు. ముందురోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏ వేళకి ఆపాడు, రేడియో పెట్టాడా లేదా. బాగున్న రోజులకీ ఒక్కో పేజీ.

"కిలోమీటర్లతో పోల్చి చూశాను, వారాలతో పోల్చి చూశాను. దేనికీ పొంతన కుదరట్లేదు."

ఆమె పేజీలు తిప్పింది. ముందుకి తిప్పింది, మళ్లీ వెనక్కి తిప్పింది.

"కారు లేవని రోజుల్లో మీ సిరా ఎందుకిలా పాకింది?"

"ఏదీ?"

"ఇదిగో. ఇదీ. ఇదీ. బాగున్న రోజుల్లో ముత్యాల్లా ఉన్నాయి అక్షరాలు. లేవని రోజుల్లో అన్నీ మరకలే."

"అదా. కారు పక్కనే నిలబడి రాస్తాను కదా, చినుకులు..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"వాన!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"ఎనిమిదేళ్లుగా పిల్లలకి పరిశీలన అంటే ఏంటో పాఠం చెప్తున్నానండీ నేను," అన్నాడు లెక్చరర్ నెత్తిమీద కొట్టుకుంటూ. చేతికి కళ్లజోడు తగిలింది. "ఓ, ఇక్కడుందా!"

ఈసారి ఆమె నవ్వాపుకోలేదు. షెడ్డు రేకుల కింద మూడు రోజులుంచినా కారు మీద ఒక్క చుక్క పడలేదు. మరి లోపం ఎలా బయటపడుతుంది?

ఆకాశం చూస్తే అద్దంలా ఉంది. వాన కోసం కాచుకుని కూర్చోలేరు. లెక్చరర్ మొక్కలకి నీళ్లు పోసే డబ్బా తెచ్చాడు. మీటరుని పొడుగాటి వైర్లతో స్టూలు మీద పెట్టి, గొడుగు అడ్డం పెట్టారు. ఆమె కారులో దూరి, తలుపు మూసుకుని, డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుంది.

"ముందు అద్దం మీద పొయ్యండి. పోస్తూ మీటరు చదవండి."

"సున్నా పాయింట్ సున్నా మూడు... సున్నా పాయింట్ సున్నా మూడు..."

"అంకె మారితేనే చెప్పండి. జపం చెయ్యక్కర్లేదు."

"క్లాసులో నేనూ ఇంత కటువుగా ఉండనండీ."

"అందుకే ఎవరూ వినరేమో."

"నిజమే, ఎవరూ వినరు!" వరండాలోంచి పెద్దావిడ వంత పాడింది.

మూడో డబ్బా అవుతుండగా ఆమె ముక్కుమీద చల్లగా ఒక చుక్క పడింది. తల పక్కకి తిప్పింది. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండి పగిలిన చోటునుంచి నీరు లోపలికి దిగి, ఒక వైరు పట్టుకుని, చీమ నడిచినట్టు నడిచి వస్తోంది. ఆ వైరు చివర చిన్న నల్లని డబ్బీ, తనంతట తానే కరెంటుని కలిపి తెంచే స్విచ్చు లాంటి రిలే. ఇంకో చుక్క జారింది.

టక్.

"తొమ్మిది!" లెక్చరర్ గావుకేక పెట్టాడు. "తొమ్మిది యాంపియర్లు! అమ్మా, తొమ్మిది!"

ఆమె ఆ రిలేకి వెళ్లే ఫ్యూజు ఒక్కటి లాగింది.

"సున్నా పాయింట్ సున్నా మూడు!"

మళ్లీ పెట్టింది. "తొమ్మిది!" లాగింది. "సున్నా పాయింట్..."

"వెళ్లి వెనక అద్దం ముట్టుకుని చూడండి!"

ఫ్యూజు తిరిగి పెట్టి కాసేపు ఉంచింది. వెనకనుంచి అతని గొంతు వింతగా వినిపించింది. "వెచ్చగా ఉందండీ. జ్వరం వచ్చినట్టు."

వెనక అద్దం మీద ఆవిరి పోగొట్టే హీటరు అది. చప్పుడు ఉండదు, వెలుగు ఉండదు. వాన పడిన ప్రతి రాత్రీ తడిసిన రిలే దాన్ని వేడెక్కించేది. ఇంట్లో అందరూ పడుకుంటే, అది ఒక్కర్తే కూర్చుని బ్యాటరీ మొత్తం తాగేసేది.

లెక్చరర్ ఆ సంబరంలో పరిగెత్తుకొచ్చి తలుపు తీశాడు. చేతిలో డబ్బా ఉన్న సంగతి మరిచిపోయి వంగాడు. మిగిలిన నీళ్లన్నీ చిన్నమేస్త్రి మీద పడ్డాయి.

ఆమె జుట్టునుంచి నీళ్లు కారుతున్నాయి, బుగ్గమీద గ్రీజు మరక, చేతిలో ఫ్యూజు. అతను ఏదో చెప్పబోయి ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపులో క్షమాపణ ఉంది. క్షమాపణ కానిదీ ఉంది.

"తువ్వాలు తేరా మొద్దబ్బాయీ!" అంది తల్లి.

రిలే విప్పితే కాళ్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. కొత్తది వేసి, దాన్ని నీరు అందనంత ఎత్తున బిగించింది. వైరుని కిందికి ఒక వంపు తిప్పి కట్టింది, తడి వచ్చినా ఆ వంపు దగ్గరే కిందికి రాలిపోవాలని. అద్దం రబ్బరు పగుళ్లు పూడ్చింది. మళ్లీ నాలుగు డబ్బాల నీళ్లు పోసినా మీటరు చలించలేదు.

"వాన పడిన మర్నాడు ఫోన్ చేసి చెప్పండి," అంది వెళ్తూ.

సోమవారం నుంచి ముసురు పట్టింది. మంగళవారం పొద్దున్న ఆరున్నరకి ఫోన్. "మేడమ్, పన్నెండు పాయింట్ ఆరు వోల్టులు. ఒక్క తిప్పుకే లేచింది." బుధవారం అదే అంకె, దాంతోపాటు అమ్మ కన్ను ఎలా ఉందో. గురువారం అంకె చెప్పడం అర నిమిషం, కాలేజీ కబుర్లు పావుగంట. శుక్రవారం, శనివారం అంకె సంగతి చివర్లో ఎవరికో ఒకరికి గుర్తొచ్చింది. 'మేడమ్' ఎప్పుడు 'చిన్నమేస్త్రి గారూ' అయిందో ఇద్దరూ గమనించలేదు.

ఆదివారం ముసురు విడిచింది. సోమవారం పొద్దున్న ఫోన్ రాలేదు.

ఏడయింది. ఎనిమిదయింది. షెడ్డు తెరిచారు.

"మీటరు చూసినట్టు ఫోన్ చూస్తున్నావేంటి తల్లీ?" అన్నాడు పెద్దమేస్త్రి.

"టైము చూస్తున్నా."

"గోడకి గడియారం ఉందిగా."

స్టాఫ్ రూములో ఎవరో అడుగుతున్నారన్న మాట ఆమె మనసులో ముల్లులా కదిలింది. కారు బాగైంది. బాగైన కారు ఇట్టే అమ్ముడుపోతుంది. కారే పోయాక ఇక ఫోన్ ఎందుకు?

"ఆ రబ్బరు ఆరిందో లేదో ఒకసారి చూసొస్తా నాన్నా," అని బయల్దేరింది. పనిముట్ల పెట్టె మాత్రం తీసుకెళ్లలేదు.

పెరట్లో కారు లేదు. అది ఉండే చోట నేల వెలవెలబోతోంది. ఆమె కాళ్లు గేటు దగ్గరే ఆగిపోయాయి.

"అమ్మేశారా?" అంది వరండా వైపు చూసి.

"అమ్మనిస్తానా? వాడికి అమ్మని నేను!" పెద్దావిడ కంటికి ఇప్పుడు మూత లేదు, రెండు కళ్లూ మిలమిలలాడుతున్నాయి. "పొద్దున్న ఆరింటికి లేచి ఒకే చొక్కా మూడుసార్లు ఇస్త్రీ చేశాడు. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయి కారు తీసుకుని పోయాడు. ఎక్కడికిరా అంటే, పనుంది అన్నాడు. ఇంతకీ నువ్వెందుకొచ్చావమ్మాయ్?"

"రబ్బరు..." అంది చిన్నమేస్త్రి. రబ్బరు ఉన్న కారు అక్కడ లేదని ఇద్దరికీ తెలుసు.

అంతలో ఆమె ఫోన్ మోగింది. నాన్న.

"ఎక్కడున్నావే? నువ్వలా సందు తిరిగావు, లెక్చరర్ గారు ఇలా వచ్చి కూర్చున్నాడు."

"కారుకేమైందట?"

"కారు లక్షణంగా ఉందట. రెండు టీలు తాగాడు. పనేంటయ్యా అంటే చిన్నమేస్త్రి గారితోనే చెప్పాలంటాడు. పెద్దమేస్త్రికి చెప్పకూడని కారు సంగతి ఏముంటుందే?"

ఆయన గొంతు వరండా అంతా వినిపిస్తుంటే, పెద్దావిడ నవ్వొచ్చి నోరు మూసుకుంది.

"ఆయనకి ఫోన్ ఇవ్వు నాన్నా."

కాసేపు గరగర. తర్వాత తడబడే గొంతు. "చిన్నమేస్త్రి గారూ... నిన్న రాత్రి వాన పడలేదు."

"తెలుసు."

"వాన పడకపోతే మీకు ఫోన్ చెయ్యడానికి నాకు కారణం లేదు. పొద్దుటినుంచీ వెతికాను, ఒక్కటీ దొరకలేదు. కారణం లేకుండానే మీతో మాట్లాడాలని ఉందని అప్పుడు అర్థమైంది. ఇవాళే కాదు, రోజూ." ఊపిరి పీల్చుకున్నాడు. "మీరంటే నాకిష్టమండీ. ఇంకా బాగా చెప్పొచ్చు గానీ, మీ నాన్నగారు నన్నే చూస్తున్నారు."

"ఇక్కడ మీ అమ్మగారు నన్ను చూస్తున్నారు."

"అమ్మా? మీరు మా ఇంట్లో ఉన్నారా? ఎందుకు?"

"నాకూ కారణం దొరకలేదు," అంది చిన్నమేస్త్రి. చెవులు వేడెక్కాయి. అయినా మాట మింగలేదు. "నాకూ మీరంటే ఇష్టమే."

అవతల ఏదో కింద పడిన చప్పుడు. టీ గ్లాసై ఉంటుంది.

పెద్దావిడ చెయ్యి చాచి ఫోన్ లాక్కుంది. "అన్నయ్యగారికివ్వరా ఫోను... అన్నయ్యగారూ, నమస్కారం. మీ అమ్మాయిని నేనిక్కడ కూర్చోబెట్టుకున్నాను. మీరు మావాణ్ణి వెంటబెట్టుకుని ఆ కారులోనే వచ్చెయ్యండి. పెద్దవాళ్లం మనమూ మాట్లాడుకోవాలిగా."

అవతల పెద్దమేస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"వస్తున్నాం చెల్లెమ్మా," అన్నాడు.

ఆ వెంటనే ఫోనులో షెడ్డు షట్టరు గడగడమని కిందికి దిగడం వినిపించింది. సోమవారం, పట్టపగలు పదింటికి.